చదువుల బాట: మనవరాలి మార్కులు, తాతగారి స్థలం

స్టోర్స్ విభాగంలో ముప్పయ్యేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాత మిత్రుని ఉత్తరం ఈ నెల శీర్షికకు ఆధారం. ఆయన కుమార్తె కుటుంబం అమెరికాలోని టెక్సాసు రాష్ట్రంలో స్థిరపడినది. మనవరాలు అక్కడే పుట్టి పెరిగి, జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నది. ఫిజీషియన్ అసిస్టెంట్ కావాలని ఆ అమ్మాయి కోరిక. అయితే నాలుగేళ్ళ చదువుకు వచ్చిన జి.పి.ఎ. నాలుగింట 2.7 మాత్రమే. ప్రజారోగ్యంలో మాస్టర్స్ పట్టా చేయిస్తే పాత మార్కులు మరుగున పడతాయని అల్లుడుగారి అభిప్రాయం. ఆ ఖర్చులో కొంత భరించడానికి కాలనీ వెనుక కొనుక్కున్న రెండు వందల గజాల స్థలం అమ్మవచ్చునా అని మిత్రుని ప్రశ్న.

ఫిజీషియన్ అసిస్టెంట్ అనగానే డాక్టరుగారి వెంట తిరిగే సహాయకుడని మనలో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వైద్యులతో కలసి పనిచేస్తూ రోగిని పరీక్షించి, వ్యాధిని నిర్ధారించి, మందులు వ్రాసే వృత్తి ఇది. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ శిక్షణను ప్రారంభించినప్పుడు తీసుకున్న నలుగురు విద్యార్థులూ నౌకాదళంలో వైద్యసేవ చేసి వచ్చినవారే. రోగుల మధ్య చేయి తిరిగినవారితో మొదలైన చదువు గనుక, నేటికీ అక్కడి ప్రవేశాలలో పని అనుభవానికి పెద్ద పీట వేస్తారు. పట్టభద్రులైన తరువాత సుమారు 27 నెలలు చదవాలి; పిమ్మట జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు.

చాలా కళాశాలలు కనీసం 3.0 జి.పి.ఎ. అడుగుతాయి. దరఖాస్తులు ఎక్కువగా కాస్పా అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళతాయి. మిత్రుని కుటుంబం పొరబడినది ఇక్కడే. మన ఇంటర్మీడియట్‌లో ఇంప్రూవ్‌మెంటు పరీక్ష వ్రాస్తే రెండింటిలో ఎక్కువ వచ్చిన మార్కులు నిలుస్తాయి. అమెరికాలోనూ కొన్ని విశ్వవిద్యాలయాలు తమ పట్టికలో పాత గ్రేడు స్థానే కొత్త గ్రేడు వేస్తాయి. కాస్పా మాత్రం అలా చేయదు. ఒక కోర్సును రెండుసార్లు చదివితే రెండు గ్రేడులూ లెక్కలోకి వస్తాయి.

అమ్మాయికి 120 క్రెడిట్లు ఉన్నాయి, 2.7 చొప్పున 324 పాయింట్లు. సి గ్రేడు వచ్చిన నాలుగు సైన్సు కోర్సులు, ఒక్కొక్కటి 4 క్రెడిట్లవి, మళ్ళీ చదివి అన్నింటా ఎ తెచ్చుకుంటే జి.పి.ఎ. 2.97 అవుతుందని ఇంట్లో లెక్క వేసుకున్నారు. కాస్పా లెక్కలో 388 పాయింట్లను 136తో భాగించాలి, వచ్చేది 2.85. మూడుకు చేరాలంటే 36 క్రెడిట్లు, అన్నీ ఎ గ్రేడులే తేవాలి. అంటే తొమ్మిది పది కోర్సులు. ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్ళ పని.

నిరాశపడనక్కరలేదు. సైన్సు జి.పి.ఎ.ను కాస్పా వేరుగా కడుతుంది. అమ్మాయి సైన్సు క్రెడిట్లు 48, సగటు 2.5. ఆ నాలుగు కోర్సులతోనే అది 2.88కి చేరుతుంది, 24 క్రెడిట్లతో సరిగ్గా మూడు. కనుక ఏ కోర్సులు మళ్ళీ చదవాలన్నప్పుడు సైన్సువే ఎంచుకోవడం వివేకం. ఒకే శ్రమ రెండు లెక్కలకూ పనికివస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో ఫీజు తక్కువ. అయితే అక్కడి క్రెడిట్లను ఒప్పుకోని కళాశాలలు కొన్ని ఉన్నాయి, ముందే విచారించుకోవాలి.

అల్లుడుగారి సూచన మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మాస్టర్స్ గ్రేడులను కాస్పా విడిగా చూపుతుంది, డిగ్రీ జి.పి.ఎ. అంగుళం కదలదు. పైగా రసాయనశాస్త్రంలో తడబడిన విద్యార్థి ఇప్పుడు దానిని నెగ్గగలదా అన్న సందేహాన్ని ప్రజారోగ్య పట్టా తీర్చదు. ఆ శాస్త్రం మీద మక్కువ ఉంటే చదవవచ్చు గాని, మార్కులకు ముసుగుగా అది బహు ఖరీదైన వస్తువు.

అసలు మార్కులు ఎందుకు తగ్గాయో అమ్మాయిని కూర్చోబెట్టి అడగాలి. మొదటి రెండేళ్ళు తగ్గి, తరువాత పెరిగినవా? అయితే చివరి 60 క్రెడిట్లను ప్రత్యేకంగా చూసే కళాశాలలకు దరఖాస్తు చేయడం మేలు. నాలుగేళ్ళూ సైన్సులో ఒకే తీరా? అప్పుడు ముందుగా ఒకటి రెండు కోర్సులు చదివి చూడాలి. ఈసారీ ఎ రాకపోతే నర్సింగు, రెస్పిరేటరీ థెరపీ వంటి దారులను గౌరవంగా ఆలోచించాలి. దరఖాస్తు వ్యాసంలో కారణం నాలుగు వాక్యాలలో వ్రాస్తే చాలు. ఫలానా ప్రొఫెసరు కక్ష కట్టాడని వ్రాయడం మనవారికి అలవాటు, అది వద్దు.

ఇక అనుభవం. ఒక సెమిస్టరు శిక్షణ పొంది పరీక్ష నెగ్గితే అంబులెన్సులో ఇ.ఎం.టి. ఉద్యోగం చేయవచ్చు, నర్సింగు అసిస్టెంటు శిక్షణ ఇంకా చిన్నది. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి రెండు వేల గంటలవుతాయి. డాక్టరు పక్కన కూర్చుని వివరాలు నమోదు చేసే స్క్రైబు పనిని మాత్రం అన్ని కళాశాలలూ రోగిసేవగా లెక్కించవు.

ఇక్కడినుంచి పిల్లలను పంపదలచిన సహోద్యోగులకు ఒక హెచ్చరిక. పై దారి అక్కడి పౌరులకు సుగమం. విద్యార్థి వీసా మీద వెళ్ళినవారు బయట ఉద్యోగం చేయడానికి ప్రత్యేక అనుమతి కావాలి. గంటలు కూడబెట్టడం కష్టం. మద్రాస్ మెడికల్ మిషన్‌లో 1992లో ఇటువంటి శిక్షణ మొదలై మన దేశంలోనూ ఈ పట్టా వచ్చింది గాని, దానితో అక్కడి జాతీయ పరీక్షకు కూర్చునే వీలు లేదు.

డబ్బు విషయానికి వస్తే, 2025లో అక్కడ చేసిన చట్టం 2026 జూలై 1 నుంచి కొత్త విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణాన్ని తీసివేసింది. కనుక స్థలం విలువ అవసరపడేది అసలు చదువులో చేరిన నాడు, ఇప్పుడు కాదు. మిత్రునికి ఇదే వ్రాశాను.

మొన్న జవాబు వచ్చింది. అమ్మాయి ఇ.ఎం.టి. తరగతిలో చేరి, సాయంత్రాలు అనాటమీ మళ్ళీ చదువుతున్నదట. అల్లుడుగారు ఇంకా ముభావంగానే ఉన్నారట. స్థలం చుట్టూ ప్రహరీ కట్టించడానికి మిత్రుడు మేస్త్రీని మాట్లాడుకున్నారు.