ఫాదర్ ఫెర్రర్‌కి నివాళి

2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ గారి పేరెత్తితే చాలు, "ఎంతమందిని మతం మార్చాడట?" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే చిరాకేస్తుంది.

బార్సిలోనాలో పుట్టి, 1952లో జెసూట్ మిషనరీగా ఇండియా వచ్చారీయన. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్విస్తే అక్కడి పెద్దలకి కంటగింపైంది. 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. మరుసటి ఏడే తిరిగొచ్చి, ఏరికోరి కరువుకి మారుపేరైన అనంతపురంలో దిగారు (మనమైతే బదిలీ అడుగుతాం!). 1970లో జెసూట్ సంఘం వదిలేసి పెళ్ళి చేసుకున్నారు. మత ప్రచారమే ముఖ్యమైతే ఆ అంగీ ఎందుకు విప్పేస్తాడండీ? చర్చి లెక్కలో ఫాదర్ కాకపోయినా, సీమ జనానికి మాత్రం చివరిదాకా ఫాదరే.

ఆర్‌డీటీ ఇళ్ళు, బళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి కళ్ళముందే ఉన్నాయి. ఆయన సమాధి కూడా బత్తలపల్లిలోనే. బెంగళూరులో ఉన్న మనవాళ్ళు అటువైపు వెళ్తే ఓసారి ఆగి చూసి రండి.