యంత్రానికి లొంగని అల్లిక, పెరగని కూలి

వేసవి మొదలైందంటే చాలు, మా ఊరి మాల్‌లో అద్దాల వెనక క్రోషే టాపులు, వెస్టులు, సంచులు వేలాడుతుంటాయి. ఈ ఏడాది మా అమ్మాయి కూడా ఒక టాపు కొనుక్కుంది. లేత గోధుమ రంగు, మధ్య మధ్య పూలు, కింద కుచ్చులు. ధర 28 డాలర్లు. ఇంటికి రాగానే వేసుకుని చూపించి, "ఇది బోహో స్టయిల్ నాన్నా, నీకు తెలీదులే" అంది.

నాకు తెలియకపోవడమా! నేను పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర. మా పిన్ని అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుంటే దారపు ఉండ దొర్లిపోకుండా పట్టుకోవడం చిన్నప్పుడు నా ఉద్యోగం. దానికి జీతం లేదు. పిన్ని పనికీ దాదాపు అంతేనని చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

ఫ్యాషన్లు వస్తాయి, పోతాయి. క్రోషే మాత్రం పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. 1960ల చివర్లో అమెరికాలో హిప్పీ కుర్రకారు ఫ్యాక్టరీ బట్టల మీద విసుగెత్తి, అమ్మమ్మల కాలం నాటి చదరపు అల్లికలను వెస్టులుగా చేసుకుని తొడుక్కున్నారు. మిగిలిపోయిన ఊలు ముక్కలతోనే అల్లుకోవచ్చు కాబట్టి ఖర్చూ తక్కువే. ఇప్పుడు కాలిఫోర్నియాలో జరిగే కోచెల్లా సంగీతోత్సవానికి వెళ్లేవాళ్లూ అదే వేసుకుంటున్నారు. గాలి ఆడుతుంది, ఒంటికి తేలిగ్గా ఉంటుంది. అన్నింటికీ మించి, ఎవరో చేత్తో చేశారన్న సంగతి చూడగానే తెలుస్తుంది. ఆ ఆకర్షణ నిజమైనదే. నాకు అందులో తప్పేమీ కనిపించదు.

కానీ ఆ "ఎవరో" ఎవరు?

ఇక్కడ ఇంజినీరుగా ఒక మాట చెప్పాలి. స్వెటర్ అల్లే యంత్రాలు శతాబ్దాలుగా ఉన్నాయి. అసలైన క్రోషేను టోకున అల్లే యంత్రం మాత్రం నేటికీ మార్కెట్లో లేదు. స్వెటర్ అల్లికలో ఒక వరుసలోని కుట్లన్నీ సూదుల మీద వరుసగా నిలబడి ఉంటాయి, యంత్రానికి అది తేలిక. క్రోషేలో ఒక్కో కుట్టు ముగిసాకే ఇంకోటి మొదలవుతుంది. వంకీ సూది అప్పటికే అల్లిన గుడ్డలో ఎక్కడైనా, ఏ దిక్కు నుంచైనా దూరి దారాన్ని లాగుతుంది. కంటిని, వేలిని కలిపి నడిపే ఆ ఒడుపు యంత్రానికి ఇంకా చిక్కలేదు. క్రోషేలా కనిపించే యంత్రపు నకళ్లు దుకాణాల్లో చాలా ఉన్నాయి, ఆ మాట నిజం. అసలుదైతే మాత్రం ఎంత చవగ్గా దొరికినా, దాని వెనక ఒక మనిషి కూర్చుని అల్లినట్టే.

మా అమ్మాయి టాపు ఏ రకమో తేల్చుకుందామని వాట్సాప్‌లో పిన్నికి వీడియో కాల్ చేశాను. కెమెరా దగ్గరగా పెట్టమంది. తిరగేసి చూపించమంది. "దారం కొసలు ఎక్కడ దాచారో చూడరా. చేతి పనే. రెండు మూడు రోజులు పడుద్ది" అని తేల్చేసింది. లేబుల్ మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది, ఊరి పేరు లేదు. ఎంతకి కొన్నారని అడిగింది. చవగ్గా కొన్నామని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతూనే రూపాయల్లో చెప్పాను, 2,300 పైమాటే అని. "అమ్మో, అంతే!" అంది పిన్ని.

మాకు చవక. అల్లే చేతికి నమ్మలేనంత ఎక్కువ. రెండింటి మధ్యా ఏజెంటు, ఎగుమతిదారు, కంపెనీ, దుకాణం ఉన్నాయి.

నరసాపురం చుట్టుపక్కల ఈ పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడ తిరిగి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం రాశారు. విదేశాలకు సరుకు పంపే ఆడవాళ్లను అందరూ గృహిణులనే లెక్కేశారనీ, వాళ్ల పనిని ఖాళీ సమయపు కాలక్షేపంగా చూశారనీ, అందుకే కూలి పొలం పని కన్నా తక్కువగా ఉండిపోయిందనీ ఆమె వాదన. అది చదివినప్పుడు మా ఇంటి అరుగే కళ్లముందు మెదిలింది. "ఏదో ఊసుపోక అల్లుద్ది" అని మా బాబాయి అనేవాడు. మేమూ అదే నమ్మాం. 2024లో నరసాపురం లేసుకు జీఐ ట్యాగ్ వచ్చింది, సంతోషం. అయితే అది కాపాడేది పేరును. కూలి సంగతి దానిలో లేదు.

ఇక్కడ మన ఇళ్లలో ఇప్పుడు ఏ విందులో కలిసినా ఒకటే చర్చ: ఏఐ చేయలేని పని ఏదో అది పిల్లలకు నేర్పించాలట. నేనూ మొన్నటిదాకా అదే పాట పాడాను. మరి యంత్రం చేయలేని పని మా పిన్ని యాభై ఏళ్లుగా చేస్తోంది కదా! యంత్రం రాకపోతే మన విలువ దానంతటదే పెరుగుతుందన్న లెక్క తప్పు. ధర ఎవరు నిర్ణయిస్తారు, అల్లేవాళ్లకు కాదనగలిగే వీలుందా లేదా అన్నదాని మీదే కూలి నిలబడి ఉంటుంది.

ఇందులో మన వాటా కూడా ఉంది. సెలవులకు ఊరెళ్లి లేసు టేబుల్ క్లాత్‌లు కొనేటప్పుడు మనలో బేరమాడని వాళ్లెందరు? ఇక్కడ కాఫీకి ఆరు డాలర్లు మారుమాట లేకుండా ఇచ్చేవాళ్లం, అక్కడ వంద రూపాయల దగ్గర పట్టుబడతాం. తెలుగు సంఘాల సభల్లో చీరల స్టాళ్లు, నగల స్టాళ్లు బారులు తీరి ఉంటాయి. అల్లేవాళ్ల సంఘాల నుంచి నేరుగా తెప్పించి, ఎవరు అల్లారో, వాళ్లకెంత ముట్టిందో రాసిపెట్టిన లేసు స్టాలు ఒక్కటి పెట్టడం అంత కష్టమా?

కాల్ అయ్యాక మా అమ్మాయి తనకొక టాపు అల్లి పంపమని పిన్నమ్మమ్మకు మెసేజ్ పెట్టింది. డబ్బుల మాట ఎత్తితే పిన్ని "మీ ఇష్టం" అంది. రాత్రి భోజనాల దగ్గర పిల్ల లెక్క వేసింది. 20 గంటల పని, ఇక్కడి ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, మొత్తం 145. ఆ అంకె వినగానే "అక్కడి రేటు వేరమ్మా" అనబోయాను.