పెట్టె మనదే... తాళంచెవి ఎవరిది?

"అన్నయ్యా! టీవీకి తగిలించే స్టిక్కుని రూట్ చేస్తే కొత్త సినిమాలన్నీ ఫ్రీగా వచ్చేస్తాయటగా?"

ఈమధ్య అమలాపురం వెళ్ళినా, భీమవరం వెళ్ళినా, రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కాసేపు కూచున్నా కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఇదొక్కటే. హీరోగారి తర్వాతి సినిమా ఏమిటో చెప్పలేకపోయినా క్షమిస్తారు గానీ, ఇది చెప్పలేకపోతే మాత్రం సినిమా పత్రికకి రాసేవాడి పరువు దక్కేలా లేదు! అంచేత ఈ వారం తారల ముచ్చట్లు కాస్త పక్కన పెట్టి, ఆ తారల్ని మన నట్టింట్లోకి తీసుకొచ్చే పెట్టె ముచ్చట చెప్పుకుందాం.

ముందు జవాబు చెప్పేస్తాను. రావు. రూట్ చేసినంత మాత్రాన ఒక్క సినిమా కూడా ఊడిపడదు. పైపెచ్చు చందా కట్టి చూస్తున్న సినిమా కూడా మసకబారిపోయే ప్రమాదం ఉంది. అలాగని రూట్ చేయడమే దొంగపని అని నేననను. ఏ పెట్టెకి చేస్తున్నాం, ఎందుకు చేస్తున్నాం, ఎవరి ఫైలుతో చేస్తున్నాం? సంగతంతా ఈ మూడింట్లోనే ఉంది.

* * *

మీ ఊరి సినిమా హాలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టిక్కెట్టు కొన్నారు. కుర్చీ మీది, ఫ్యాను గాలి మీది, ఈల వేసే హక్కూ మీదే. కానీ ఆపరేటరు క్యాబిన్‌లోకి మాత్రం మిమ్మల్ని రానివ్వరు. ఏ బొమ్మ ముందు వెయ్యాలి, ఇంటర్వెల్‌లో ఏ సబ్బు ప్రకటన వెయ్యాలి అన్నది లోపలున్నాయన ఇష్టం. ఫైర్ టీవీ స్టిక్కు, క్రోమ్‌కాస్ట్, బజార్లో దొరికే ఆండ్రాయిడ్ పెట్టె అన్నీ ఇలాంటివే. డబ్బిచ్చింది మీరు, క్యాబిన్ తాళం మాత్రం కంపెనీ దగ్గర! ఆ తాళంచెవి మన చేతికి రావడాన్నే 'రూట్' అంటారు.

పెట్టెని నడిపించే మూల ప్రోగ్రాము పేరు 'ఫర్మ్‌వేర్'. దాన్ని రీళ్ళ డబ్బా అనుకోండి. కంపెనీ పంపిన డబ్బా తీసేసి, ఇంకెవరో తయారు చేసిన డబ్బా ఎక్కించడమే 'ఫ్లాష్' చేయడం. అయితే గేటు దగ్గర ఒక మనిషి ఉంటాడు. ఆయన పేరు 'బూట్‌లోడర్'. కరెంటు ఇవ్వగానే అందరికంటే ముందు లేచేది ఆయనే. డబ్బా మీద కంపెనీ ముద్ర ఉందో లేదో చూసి, ఉంటేనే లోపలికి పంపుతాడు. రూట్ చేసేవాళ్ళ తిప్పలన్నీ ఈ గేటు మనిషిని ఏమార్చడానికే.

ఎలా ఏమారుస్తారో ఒక సరదా కథ చెబుతాను. 2013 జూలైలో గూగుల్ వారు 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ అనే బుల్లి పరికరం విడుదల చేశారు. వారం తిరక్కుండానే జీటీవీ హ్యాకర్ అనే బృందం దాన్ని రూట్ చేసేసింది! ఏం జరిగిందంటే, గేటు మనిషి ముద్రని పరీక్ష అయితే చేశాడు గానీ, పరీక్షలో ఏం తేలిందో చూసుకోలేదు. దొంగ టిక్కెట్టుని దీపం కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "సర్లే, పదండి లోపలికి" అన్నాడన్న మాట! గూగుల్ వారు అప్‌డేట్ పంపి ఆ కన్నం పూడ్చారు.

2018లో వచ్చిన ఫైర్ టీవీ 4కె స్టిక్కుది మరో దారి. స్టిక్కు విప్పి, లోపలి రేకు తీసి, బోర్డు మీద ఒకచోట తీగతో షార్ట్ చేస్తూ కంప్యూటర్‌కి తగిలిస్తే, చిప్పులో పుట్టుకతో ఉన్న ప్రోగ్రామే తలుపు తెరిచేసింది. చిప్పులో అచ్చయిపోయిన దాన్ని అప్‌డేట్‌తో దిద్దడం కుదరదు. అందుకని తర్వాత తయారైన స్టిక్కుల్లో ఆ దారి మూసేసి అమ్మారు. 2025 సెప్టెంబరులో ప్రకటించిన 4కె సెలెక్ట్ స్టిక్కులోనైతే ఆండ్రాయిడే లేదు. 'వేగా' అని సొంత వ్యవస్థ పెట్టుకున్నారు. కాబట్టి "మా బావమరిది చేశాడు, నేనూ చేస్తాను" అంటే కుదరదు. బావమరిదిగారి స్టిక్కు వేరు, మీ స్టిక్కు వేరు!

* * *

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్నాననుకోకండి. రాజమండ్రిలో ఒక సందులో ఉన్న రిపేరు కొట్టులో పూటంతా కూచుని చూశాను. రావులపాలెం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు పాత ఆండ్రాయిడ్ పెట్టె సంచిలో వేసుకొచ్చాడు. వాళ్ళమ్మగారు సీరియల్ పెట్టుకుంటే టైటిల్ పాట అయ్యాకగానీ బొమ్మ రాదట! లోపలంతా అక్కర్లేని యాప్‌లు. తీసేద్దామంటే ఆ పెట్టె ఒప్పుకోదు. కంపెనీ వాళ్ళు అప్‌డేట్లు పంపడం ఎప్పుడో మానేశారు. పారేద్దామంటే మనసొప్పదు.

మెకానిక్ నలభై దాటిన మనిషి. ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఇన్వర్టరు పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు!

"సగంలో కరెంటు పోతే ఇది ఇటికేనండి, ఆయ్!" అన్నాడు.

నిజమే. సగం రాసి ఆగిపోయిన పెట్టె మళ్ళీ లేవకపోవచ్చు. అలా చచ్చిన పెట్టెని ఈ విద్య తెలిసినవాళ్ళు ప్రపంచమంతటా 'బ్రిక్' అనే పిలుస్తారు. గోదావరి గట్టున ఇటుక బట్టీలకేం కొదవ, ఇంట్లో ఇంకొకటి దేనికి?

రెండో పని, పెట్టె మూత విప్పి చిప్పు మీది పేరూ, బోర్డు మీది అంకే కాగితం మీద రాసుకున్నాడు. పైన అట్టపెట్టె ఒకటే అయినా లోపలి బోర్డులు వేరుగా ఉండొచ్చు. వేరే బోర్డు ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే వైఫై అందదు, రిమోట్ పలకదు, ఒక్కోసారి అసలు లేవనే లేవదు. మూడో పని, ఉన్న ఫర్మ్‌వేర్‌ని ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి కాపీ తీసి పెట్టుకున్నాడు. "వెనక్కి వచ్చే దారి లేకుండా నేను ఏ ఇంట్లోకీ అడుగు పెట్టనండి" అని నవ్వాడు.

ఆ తర్వాత పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి తీసి, ఏవీ వైరు గుచ్చే కన్నంలో దూర్చాడు. నేను తెల్లబోయి చూశాను. ఆమ్‌లాజిక్ చిప్పున్న చాలా పెట్టెల్లో రీసెట్ బటన్ ఆ కన్నం లోపలే దాక్కుని ఉంటుందట! దాన్ని నొక్కిపట్టి కేబుల్ తగిలిస్తే పెట్టె కొత్త ఫర్మ్‌వేర్ తీసుకోవడానికి సిద్ధమవుతుంది. కంప్యూటర్ తెర మీద గీత నెమ్మదిగా నిండుతుంటే కుర్రాడి మొహం చూడాలి. శుక్రవారం ఉదయం ఆటకి గేటు తెరిచేదాకా నిలబడ్డ అభిమాని కూడా అంత కంగారు పడడు!

పెట్టె లేచింది. అక్కర్లేని యాప్‌లు లేవు, ప్రకటనలు లేవు, చురుగ్గా పలుకుతోంది. సంతోషమే. అది ఆ కుర్రాడు తన డబ్బుతో కొన్న పెట్టె. అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టె. పోయినా పెద్దగా పోయేది లేని పెట్టె. ఇలాంటివాటికి ఈ వైద్యం చేయించడంలో నాకు తప్పేమీ కనిపించదు.

* * *

కానీ బాగా పనిచేస్తున్న మంచి స్టిక్కు సంగతి వేరు. అక్కడ పోగొట్టుకునేది ఉంది. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి సినిమా పంపేముందు మీ పెట్టెలో 'వైడ్‌వైన్' అనే గూగుల్ వారి తాళం ఏ మెట్టులో ఉందో చూస్తాయి. పై మెట్టు ఎల్1. అంటే చిప్పులో ఎవరూ తొంగి చూడలేని గదిలో సినిమా తాళం విప్పుతుందన్న మాట. కింది మెట్టు ఎల్3. బూట్‌లోడర్ తెరిచిన చాలా పరికరాలు ఎల్1 నుంచి ఎల్3కి జారిపోతాయి. అప్పుడు 4కె కాదు గదా, హెచ్‌డీ కూడా ఇవ్వరు. 480 గీతల బొమ్మతో సరిపెట్టుకోవాలి. బాల్కనీ టిక్కెట్టుకి డబ్బిచ్చి నేల మీద కూచున్నట్టుంటుంది!

"అసలు అన్ని తాళాలు ఎందుకండీ?" అని అడుగుతారేమో. దానికి జవాబు మన కోనసీమలోనే ఉంది. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామం గుర్తుందా? ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదట వెలిగిన ఊళ్ళలో అదొకటి. 2016 డిసెంబరులో అక్కడ ఇంటింటికీ ఫైబర్ వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దాన్ని రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను అన్నారు. గోతులు తవ్వే పని తగ్గించుకుని కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. 2023 జూన్ 2న ఇంకో అడుగు వేసి, 'నిరీక్షణ' అనే సినిమాని విడుదల రోజునే ఇళ్ళకి పంపారు. 99 రూపాయలు కడితే 24 గంటలు చూసుకోవచ్చన్నారు.

ఇక్కడ నిర్మాత వైపు నుంచి ఆలోచించండి. 24 గంటల తర్వాత ఆ సినిమా మీ పెట్టెలోంచి బయటికి పోదన్న నమ్మకం లేకపోతే ఆయన మొదటి రోజే ఎందుకిస్తాడు? తాళం ఉంది కాబట్టే సినిమా వచ్చింది. పాలకొల్లులోనో, మండపేటలోనో ఇంట్లో కూచుని కొత్త సినిమా చూడగలిగారంటే ఆ తాళం చలవే. అందుకే ఫైబర్ వాళ్ళు, కేబుల్ వాళ్ళు ఇచ్చిన పెట్టెలతో మాత్రం ఆడకండి. అది అద్దెకిచ్చారా, అమ్మారా అన్నది మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది. ఎలా ఇచ్చినా, ఫర్మ్‌వేర్ మారిస్తే చానళ్ళు రావడం ఆగిపోవచ్చు.

ఇక దొంగ కాపీల సంగతి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం, హాల్లో సినిమాని దొంగచాటుగా రికార్డు చేసినా, అలాంటి కాపీని లాభం కోసం జనానికి చూపించినా 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 3 లక్షలకి తగ్గకుండా జరిమానా. మనం ఫస్ట్ డే ఫస్ట్ షోకి కాగితాలు చించి ఎగరేసేవాళ్ళం. ఆ హీరో పొట్ట, ఆ లైట్‌బాయ్ పొట్ట కొట్టే పని మనకెందుకు?

* * *

అన్నిటికంటే భయపెట్టే మాట ఒకటుంది. 'అన్ని సినిమాలూ ఫ్రీ' అని ముందే రూట్ చేసి అమ్మే పెట్టెలున్నాయి చూశారూ, వాటిలో సినిమాతో పాటు దొంగ కూడా వస్తున్నాడు! 'బ్యాడ్‌బాక్స్' అని పేరు పెట్టారు ఆ మాయకి. గూగుల్ గుర్తింపు లేని ఆండ్రాయిడ్ పరికరాల్లోకి, కొన్నింటిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే, దొంగ ప్రోగ్రాము చేరి ఉంటుంది. మీరు సినిమా చూస్తుంటే అది వెనకాల మీ ఇంటి ఇంటర్నెట్‌ని ఎవరికో అద్దెకిస్తుంటుంది. ఎవడో ఎక్కడో చేసిన మోసానికి చిరునామాగా మీ ఇల్లు కనపడుతుందన్న మాట! 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దీని గురించి హెచ్చరిక చేసింది. ఆ మరుసటి నెలలో గూగుల్ వారు కోర్టుకి వెళుతూ, ఇలాంటి పరికరాలు కోటికి పైగా ఉన్నాయన్నారు. ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఎక్కించుకున్నా ఇదే గతి పట్టొచ్చు. మీ నాన్నగారు ఫోన్లో డబ్బు పంపేది కూడా అదే వైఫై మీదే, గుర్తుంచుకోండి.

మరి తాళమంతా కంపెనీ దగ్గరే ఉంటే మనం నిశ్చింతగా ఉండొచ్చా? అదీ లేదు. 2025 మార్చి 9న రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతటా ఒక్కసారే మొరాయించాయి. 2015లో వచ్చిన పరికరాలవి. లోపలున్న ఒక సర్టిఫికెట్‌కి పదేళ్ళ గడువు తీరిపోయింది, దాన్ని మార్చాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు! వస్తువు బాగానే ఉంది, తాళమే తుప్పు పట్టింది. కొద్ది రోజుల్లో గూగుల్ వారు సరిచేసి అప్‌డేట్ పంపారు. ఈలోగా కంగారుపడి రీసెట్ కొట్టినవాళ్ళు మాత్రం ఎక్కువ అవస్థ పడ్డారు. తాళంచెవి మనకీ ఒకటి ఉండాలని రూట్ చేసేవాళ్ళు వాదించేది ఇందుకే. ఆ వాదన నాకు న్యాయంగానే తోస్తుంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ సొంత పెట్టె, పాతబడి అప్‌డేట్లు ఆగిన పెట్టె అయితే చేయించుకోండి. బోర్డు అంకె చూసి, పాత ఫర్మ్‌వేర్ కాపీ దాచి, కరెంటు పోకుండా చూసుకుని మరీ చేయండి. చందాలు కట్టి చూస్తున్న మంచి స్టిక్కు జోలికి పోకండి. కేబుల్ వాళ్ళ పెట్టె అసలు విప్పకండి. 'ఫ్రీ' అని రాసిన పెట్టె గడప దాటి లోపలికి రానివ్వకండి.

వచ్చే వారం మళ్ళీ తారల కబుర్లతో కలుద్దాం. ఈలోగా మీ పెట్టెని ఒకసారి తిరగేసి, అడుగున మోడల్ అంకె ఏముందో చూసి పెట్టుకోండి. ఏ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది అదే!