చైర్మన్ మారితే డప్పు కొట్టేటోనికి ఏమొస్తది?

మొన్న గరిడేపల్లిల చాయ్ తాగుతుంటే డప్పు కొట్టే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, సాంస్కృతిక సారథికి చైర్మన్ మారితే మనకేమొస్తది?" అప్పుడు నవ్వి ఊకున్న. ఇంటికొచ్చినంక జవాబు ఎతుక్కున్న.

తెలంగాణ వచ్చినంక ఉద్యమంల పాడినోళ్లకు బతుకుదెరువు కావాలని సర్కారు ఈ సారథిని పెట్టింది. అయిదు వందలకు పైగా కళాకారులను కొలువుల తీసుకుంది. తొలి చైర్మన్ రసమయి బాలకిషన్. ఆయన అధికార పార్టీ ఎమ్మెల్యే గూడ. 2023 డిసెంబర్ల సర్కారు మారింది, కుర్చీలు కదిలినయ్. సాహిత్య అకాడమీ అధ్యక్షుడిగ ఉన్న మన కోదాడ బిడ్డ జూలూరు గౌరీశంకర్ దిగిపోయిండు. సారథికి గద్దర్ బిడ్డ వెన్నెలను చైర్మన్ చేసేసరికి 2024 నవంబర్ వచ్చింది.

పోయినోళ్లను, వచ్చినోళ్లను నేను తప్పుపడ్తలేను. ఓట్ల ఫలితంతోటి కళాసంస్థ కుర్చీని ముడిపెట్టుడే తప్పంటున్న.

ఇది ఇయ్యాల మొదలైంది గాదు. 1983ల ఎన్టీఆర్ గద్దెనెక్కినంక సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలను రద్దు చేసిండు. 1985ల తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి ఆ పనులు దానికి అప్పజెప్పిండు. సర్కారు ఒక్క మాటతోటి పెట్టింది ఒక్క మాటతోటే పోతది.

కేరళ దిక్కు చూడుండ్రి. కొచ్చి బినాలేను నడిపేది కళాకారులు పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. సర్కారు పైసలు ఆడ గూడ ఉన్నయ్, లొల్లులు గూడ ఉన్నయ్. 2022ల రేపు మొదలైతదనంగ ప్రదర్శన వాయిదా పడితే, కళాకారులే బహిరంగ లేఖ రాసి నిర్వాహకులను నిలదీసిండ్రు. పథకాల పాటలు పాడుడే కొలువైనంక, మనకాడ ఆ ధైర్యం ఎవరు చేస్తరు?

అందుకే మూడు అడగాలె. చైర్మన్‌కు ఎన్నికలతోటి సంబంధం లేని గడువుండాలె. పాలకమండలిల కళాకారులు ఓటేసి పంపినోళ్లు కూసోవాలె. ఖర్చు లెక్క ఏటా బయట పెట్టాలె.

తమ్ముడూ, నీకు నా జవాబు ఇదే: నువ్వు అడగకుంటే ఏమీ రాదు. పది రూపాయలతోటి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. మన సూర్యాపేట జిల్లాల పోయిన ఏడాది ఎన్ని ప్రదర్శనలైనయ్, ఏ ఊర్లల్ల, ఎంతమందికి ఎంతిచ్చిండ్రని అడుగు. రాసుడు రాకుంటే నా దగ్గరికి రా, ఇద్దరం కూసోని రాద్దాం.