పిండిమర మాదిరి సీపీయూ

అవుకులో మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కంప్యూటర్. దానికి నాలుగడుగుల దూరంలో నాయన మంచం. పగలంతా వచ్చిపోయేవాళ్ళతోనే సరిపోతుంది కాబట్టి నా లెక్కల పని రాత్రి తొమ్మిది దాటాకే మొదలవుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, మంచం మీంచి ఒకటే మాట.

"ఏందిరా అది, పిండిమర మాదిరి తిరుగుతాంది? ఆపి పండుకో."

ఆపితే పని ఆగుతుంది. ఆపకపోతే ఆయన నిద్ర చెడుతుంది. బీపీ మాత్రలు వాడే మనిషి. చూపించుకోవడానికి పోయినప్పుడల్లా డాక్టర్ మొదట అడిగేది నిద్ర సంగతే. ఆ ప్రశ్నకి నాయన నా వైపు చూస్తాడు, నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తాను.

నేను చేసిన మొదటి పని శుద్ధ తెలివితక్కువ పని. సీపీయూని (అసలు సీపీయూ అంటే లోపలి చిప్ ఒక్కటే, మనం డబ్బా మొత్తాన్నీ అలాగే అంటాం) చెక్క బీరువాలో పెట్టి, తలుపు సందులో పాత బొంత కుక్కాను. ఇరవై నిమిషాలు హాయిగా ఉంది. తర్వాత లోపల్నుంచి మోత ఇదివరకటి కన్నా ఎక్కువైంది. ఇంకాసేపటికి దానంతట అదే ఆగిపోయింది. సేవ్ చేయని లెక్క పోయింది.

జబ్బు మోతలో లేదు, వేడిలో ఉంది. చిప్ ఎంత కాలుతోందో మదర్‌బోర్డు ఎప్పటికప్పుడు చూసుకుంటూ, దాన్ని బట్టి ఫ్యాన్ వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. గాలి ఆడకుండా కప్పితే వేగం పెంచుతూ పోతుంది, ఇక లాభం లేదనుకుంటే ఆపేసుకుంటుంది. కంప్యూటర్ నోరు మూయించాలంటే ముందు దాని ఒళ్ళు చల్లబరచాలి.

మన ఎండల సంగతి ఇక్కడ లెక్కలోకి వస్తుంది. చిప్‌ని 75 డిగ్రీల దగ్గర ఉంచాలనుకోండి. గది 25 డిగ్రీలుంటే మధ్యలో తేడా 50. అదే గది 40 ఉంటే తేడా 35 మాత్రమే. అంత వేడినే బయటికి తోయాలంటే గాలి సుమారు ఒకటిన్నర రెట్లు కావాలి, అంటే ఫ్యాన్ కూడా దాదాపు అంత వేగంగా తిరగాలి. ఆ వేగానికి మోత ఏడెనిమిది డెసిబెల్స్ పెరుగుతుంది. పది పెరిగితే మన చెవికి రెట్టింపు అనిపిస్తుంది. ఏసీ గదిలో కూర్చుని "అసలు వినపడదు" అని చెప్పిన వీడియో చూసి కొన్న ఫ్యాన్, మా మిద్దె కింద ఎందుకు వినపడుతుందో ఇప్పుడు అర్థమైంది కదా. మా మిద్దె రాత్రి పదకొండు దాకా సెగ కక్కుతూనే ఉంటుంది.

దీనికి తోడు దుమ్ము. అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాయి కోసే ఊళ్ళలో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను పక్క మూత విప్పి చూస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము అట్టలా పేరుకుని ఉంది. గోటితో గీకితే పెచ్చుగా ఊడింది. గాలి దూరే సందే లేదు.

శుభ్రం చేసేముందు ప్లగ్ పీకండి. పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి. పంక్చర్ షాపుకి పట్టుకుపోయి గాలి కొట్టిద్దామని నాకూ అనిపించింది. వద్దు. ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర ఉంటుంది, ఒత్తిడీ ఎక్కువే. మెత్తటి పెయింట్ బ్రష్, చిన్న కరెంటు బ్లోవర్ చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది బొంగరంలా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఈ పని వాకిట్లో, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేయాలి. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. బయటి నుంచే ఊదండి.

ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది బఠానీ గింజంత పెట్టాను. ఆ ఒక్క పూట పనికే మోత సగం చచ్చింది.

మిగిలింది ఎక్కణ్నుంచి వస్తోందో కనుక్కోవడానికి ఒక చిట్కా. దినపత్రికను గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి, ఇంకో కొస డబ్బాకు కొంచెం ఎడంగా పెట్టి ఒక్కో మూలా వినండి. నా దాంట్లో గీపెట్టేది వెనకాల ఉన్న చిన్న 80 మిల్లీమీటర్ల ఫ్యాన్. చిన్న ఫ్యాన్ అంతే గాలి తోయడానికి ఎక్కువ చుట్లు తిరగాలి, పెద్దది నింపాదిగా తోస్తుంది. అది తీసేసి, ముందొకటి వెనకొకటి 120 మిల్లీమీటర్లవి పెట్టించాను. రెండు పెడితే రెండింతలు మోత కాదా అని అడిగారొకరు. కాదు. ఒకేలాంటి రెండు ఫ్యాన్లు కలిస్తే పెరిగేది మూడు డెసిబెల్స్. అదే ఒక ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే తగ్గేది పదిహేను దాకా.

ఖర్చు లేని పని ఇంకోటుంది. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం అని ఉంటుంది. దాన్ని 99 చేయండి. చాలా కంప్యూటర్లలో టర్బో ఆగిపోతుంది. లెక్కలకూ టైపింగుకూ తేడా తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళకు ఇది పనికిరాదు.

నేలను కూడా చూసుకోవాలి. మాది నాపబండల నేల. మా డబ్బా కింద ఒక బండ కదులుతూ ఉండేది, అదురంతా దాంట్లోకి దిగి గుమ్మని మోగేది. పాత రబ్బరు చెప్పు నాలుగు ముక్కలు కోసి కాళ్ళ కింద పెట్టాను. నాయన నవ్వాడు. "చెప్పులు తొడిగితివా దానికి?"

ఆ రాత్రే ఇంకో చప్పుడు వినపడింది. టిక్... టిక్... చిన్నగా, గోడ గడియారం మాదిరి. మా ఇంట్లో గోడ గడియారం లేదు. కాగితం గొట్టం పెట్టి విన్నాను. హార్డ్ డిస్క్.

ఆ చప్పుడు ఎన్నాళ్ళ నుంచి ఉందో! ఫ్యాన్ల హోరులో నాకు తెలియనే లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రాంలో చూస్తే నీలంగా ఉండాల్సినచోట పసుపు కనిపించింది. ఆ డిస్క్‌లోనే పొలం కాగితాల స్కాన్లు, అక్క పెళ్ళి వీడియో, అమ్మ ఉన్నప్పటి ఫొటోలు. ఇంకెక్కడా లేవు. ఫ్యాన్ మోతను తగ్గించుకోవచ్చు. డిస్క్ టిక్కుమంటే మాత్రం స్పాంజి పెట్టి నొక్కేయకూడదు, తక్షణం కాపీ తీయాలి. ముందు ఫొటోలు, తర్వాత కాగితాలు, పెద్ద వీడియోలు ఆఖర్న. తెల్లారేదాకా కూర్చుని తీశాను. తొమ్మిదో రోజున అది తెరుచుకోలేదు.

ఇప్పుడు దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ ఉంది. తిరిగే భాగమే లేదు కాబట్టి చప్పుడూ లేదు. కాకపోతే అది పోయేముందు టిక్కుమని కూడా చెప్పకపోవచ్చు, అందుకే ప్రతి ఆదివారం బయటి డిస్క్‌లోకి కాపీ తీస్తున్నాను. దుమ్ము మూడు నెలలకోసారి.

నాయన ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్ మీద పడ్డాడు. కిర్రుమంటోందట. అది ఏళ్ళ నుంచీ అలాగే ఉంది, ఇన్నాళ్ళూ వినపడలేదంతే.