జెండా నేసిన చేతులకు మన బాకీ



ఆగస్టు 15, జనవరి 26 వచ్చినప్పుడు మన ఆసుపత్రి ఆవరణలోను, చర్చి ముందర కూడ జెండా ఎగురవేస్తాము. దేశము కొరకు ప్రార్థన చేసి పిల్లలకు మిఠాయిలు పంచుతాము. అయినను క్రైస్తవులకు దేశభక్తి ఉన్నదా అని అడిగేవారు అడుగుతూనే ఉంటారు. ఈ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పనక్కర లేదని మా అభిప్రాయము. కోనరావుపేటకు దగ్గరలోనే ఉన్న సిరిసిల్ల వైపు చూస్తే జవాబు ఎక్కడ చూపించాలో తెలుస్తుంది.

పూర్వము జాతీయ జెండాను చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డతోనే చేయాలనే నియమము ఉండేది. 2021 డిసెంబరు 30న ఆ నియమము మార్చి, యంత్రముపై నేసిన పాలిస్టర్ గుడ్డకు కూడ అనుమతి ఇచ్చారు. 2022లో స్వాతంత్ర్యమునకు 75 ఏండ్లు నిండినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వము ఇంటింటికి జెండాలు పంచింది. ఆ గుడ్డ నేసిన వారిలో సిరిసిల్ల సాంచెల కార్మికులు ఉన్నారు.

ఆ సాంచె ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. 2017 నుండి 2023 వరకు బతుకమ్మ చీరలు వారికి పని ఇచ్చాయి. 2024లో ఆ పని లేక ఎన్నో సాంచెలు ఆగిపోయాయి, అప్పులు మాత్రము ఆగలేదు. నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు మరల పేపర్లలో చదివాము. 2025లో మహిళా సంఘాల చీరల పనితో కొంత ఊరట కలిగింది. అయినను ఒక్క ఆర్డరు మీద ఆధారపడిన కుటుంబము ఎప్పుడూ భయముతోనే నిద్రపోతుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో మన దేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నాలుగింట ఒక వంతుకు పైగా దినకూలీలే.

ఇట్టి మరణము జరిగిన ఇంటికి వెళ్లి కొందరు విశ్వాసులు "పాపము చేసిండు" అంటారు. సమాధి దగ్గర ప్రార్థనకు కూడ వెనుకాడతారు. ప్రాణము దేవుని సొత్తు అని మేమును నమ్ముతాము. నమ్ముతాము గనుకనే రాత్రింబగళ్లు ప్రాణాలు కాపాడుటకు వార్డులలో నిలబడతాము. అయితే ఏలీయా ప్రవక్త అరణ్యములో చెట్టు క్రింద కూర్చుండి, ఇక చాలు, చనిపోతాను అన్నప్పుడు దేవుడు ఏమి చేసెను? గద్దించలేదు. నిద్రపోనిచ్చెను. దూతతో రొట్టె, నీళ్లు పంపెను. మరల నిద్రపోనిచ్చి మరల తినిపించెను. ఆ తరువాతనే మాట్లాడెను. మా నర్సింగు పనిలో కూడ క్రమము ఇదే.

చట్టము కూడ మారింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించరాదని, ప్రభుత్వము వైద్య సహాయము అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఆసుపత్రి వారు పోలీసులకు తెలియజేయుట వేరు, శిక్ష వేరు. కనుక కేసు అవుతుందని భయపడి ఇంట్లో దాచి ఆలస్యము చేయకండి. ప్రతి నిమిషము విలువైనదే.

మరి సంఘముగా మనమేమి చేయాలి? మనలో సాంచెలు నడిపే ఆసాములు, కూలీలు పెట్టుకునే రైతులు ఉన్నారు. పనివాని కూలి వారమునకు వారము ఇవ్వండి. గ్రూపు లోను కిస్తీ కట్టలేని అక్కను ఇంటి ముందర నిలబెట్టి నలుగురిలో అవమానించకండి. కానుక ఇవ్వలేని కుటుంబము చర్చికి రాకపోతే పెద్దలు వెళ్లి పలకరించండి, చందా మాట ఎత్తకండి. సమాధి తోటలో కారణము అడగకండి.

ఇంట్లో ఎవరైనా నిద్రపోక, తినక, మాట తగ్గించి, "నేను లేకుంటే మీకు మంచిదే" అంటే తేలికగా తీసుకోకండి. చావాలనిపిస్తున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు. అడిగినందువలన వారి గుండె బరువు తగ్గుతుంది. ఒంటరిగా విడువకండి. ఆసుపత్రికి తీసుకొని రండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ సమయములోనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మంచి సమరయుని ఉపమానములో గాయపడిన వాని కులము, దేశము ఎవరును అడగలేదు. అడగకుండ కట్లు కట్టినవాడే పొరుగువాడు అయ్యెను. దేశమంటే అట్టి పొరుగువారి సమూహమే అని మేము నమ్ముచున్నాము. జెండాకు వందనము చేయుట మంచిది. దానిని నేసినవాడు బ్రతికి ఉండునట్లు చూచుట మన బాకీ.

ప్రభువు మీ ఇండ్లను, మీ పొరుగువారి ఇండ్లను కాపాడును గాక.