షెడ్డు కంటే వసారా మేలు

బస్టాండులో ఇడ్లీ ముక్కలు తిని పెరిగిన కుక్కకు ఇకపై అక్కడ చోటు లేదు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి షెల్టర్లకు చేర్చాలని, పట్టిన చోట మళ్లీ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉత్తర్వు ఢిల్లీలో పుట్టినా పని మాత్రం కర్నూలు, కడప లాంటి ఊళ్ల మున్సిపాలిటీల మీద పడుతుంది.

ఈ ఆదేశాన్ని తిట్టిపోయడం తేలికే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధి కుక్కల దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి గుర్తున్నవాళ్లకు మాత్రం ఆ తిట్లు నోట రావు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో దాదాపు 36 శాతం భారతదేశంలోవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బడి ఆవరణలో పిల్లలు భయం లేకుండా ఆడుకోవాలన్నది న్యాయమైన కోరికే. అయితే పట్టుకెళ్లిన కుక్క గతేమిటన్న దానికి జవాబు ఎవరో ఒకరు వెతకాలి.

షెల్టరులో చలాకీ కుక్కకు ఇబ్బంది తక్కువ. చూడవచ్చినవాళ్ల మీదకెక్కి, చేయి నాకి, వారం తిరక్కుండా ఎవరో ఒకరింటికి చేరుతుంది. బెదురు కుక్క గూటి వెనక మూలకు ఒదిగి, తోక కాళ్ల మధ్య దాచి, మనుషులున్నంతసేపూ మెతుకు ముట్టదు. చుట్టూ పదుల కొద్దీ కుక్కలు మొరుగుతుంటే దాని జడుపు రోజురోజుకూ పెరుగుతుంది. చూసినవాళ్లు దీనికి జబ్బేమోననుకుని పక్క గూటికి నడుస్తారు. అలా నెలలు గడిచిపోతాయి.

అమెరికాలో పరిశోధకురాలు లీసా గంటర్ బృందం 5 షెల్టర్లలోని 207 కుక్కలను ఒకటి రెండు రాత్రుల పాటు ఇళ్లకు పంపి చూసింది. ఇంట్లో ఉన్నప్పుడు వాటి ఒంట్లో ఒత్తిడికి గుర్తుగా చెప్పే కార్టిసోల్ తగ్గింది, షెల్టరుకు తిరిగి రాగానే మళ్లీ మొదటి స్థాయికి పెరిగింది. 2019లో అచ్చయిన ఈ ఫలితాన్ని చూసి ఒకటి రెండు రాత్రుల మేలు ఏపాటిదని పెదవి విరిచేవాళ్లు ఉండొచ్చు. కుక్క మారలేదు, అదే కుక్క, చోటే మారిందన్నది అందులో చూడాల్సిన విషయం.

భయం లోతు మాత్రం అన్ని కుక్కల్లో ఒకటి కాదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో చేసిన ప్రయోగాల్లో, పుట్టినప్పటి నుంచి 14 వారాల దాకా మనిషి పొడ తగలని కుక్కపిల్లలు ఆ తర్వాత మచ్చిక కావడం దాదాపు అసాధ్యమైందని 1961లో తేలింది. బస్టాండు కుక్క కథ వేరు. అది కళ్లు తెరిచిందే మనుషుల మధ్య. దానికి భయం మూసిన తలుపు, మెడకు పడే పట్టీ, మీదకు వంగే చేయి. కోల్‌కతా ఐసర్‌లో పరిశోధకురాలు అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద చేసిన పరిశోధనలో, కొత్త మనిషి పదే పదే పెట్టే తిండి కంటే ఆప్యాయంగా నిమరడమే వాటి నమ్మకాన్ని ఎక్కువ గెలిచిందని 2017లో వెల్లడైంది. అలాగని వచ్చిన రోజే బెదురు కుక్క తల నిమరబోతే కాటు తప్పదు. నమ్మకం కుదిరే దాకా కుక్కే మనిషి దగ్గరకు రావాలి, మనిషి దాని దగ్గరకు పోకూడదు.

మరీ జడిసిన కుక్కల కోసం అమెరికాలో జంతు సంరక్షణ చూసే ఏఎస్‌పీసీఏ సంస్థ నార్త్ కరోలినాలోని వీవర్‌విల్‌లో ప్రత్యేక కేంద్రం నడుపుతోంది. అక్కడి చికిత్సలో ధైర్యమున్న మరో కుక్కను తోడుగా ఉంచడం ఒక భాగం. బెదురు కుక్కను చేరదీయడంలో, ముందే పెంపుడు కుక్క ఉన్న ఇంటికి ఉన్న అసలు బలం ఇదే. గేటు చప్పుడుకు పాత కుక్క చెవి కూడా కదపకుండా పడుకుంటే, కొత్తది దాని వైపు చూసి ఊపిరి పీల్చుకుంటుంది. రాయలసీమలో గొర్రెల కాపరులకు దీన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. మందలో పెరిగే కుక్కపిల్ల కాపలా పనిని పెద్ద కుక్క వెంట తిరిగే నేర్చుకుంటుంది.

కాబట్టి బెదురు కుక్కను ఇంటికి తెచ్చుకోవాలంటే మొదట ఆలోచించాల్సింది పాత కుక్క గురించి. అది ముసలిదైనా, జబ్బుదైనా, గిన్నె దగ్గర గుర్రుమనేదైనా ఆ ఇల్లు ఈ పనికి తగదు.

వచ్చిన కుక్కను మొదటి రెండు వారాలు విడిగదిలో ఉంచడం రెండు కుక్కలకూ మంచిది. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులుంటే చాలావరకు ఈలోగా బయటపడతాయి, పిడుదులను ఏరిపారేయవచ్చు. ఒకటి పడుకున్న గుడ్డను రెండోదాని గదిలో వేస్తే వాసన ముందే పరిచయమవుతుంది. తొలి చూపులు ఇంట్లో వద్దు. పొద్దుపొడవక ముందు, ఎవరి సొంతమూ కాని దారిలో, ఇద్దరు మనుషులు రెండు కుక్కలను దూరదూరంగా ఒకే దిశలో నడిపించాలి. రోజురోజుకూ ఆ దూరం తగ్గించాలి. అన్నం గిన్నెలు ఎప్పటికీ వేరువేరుగానే ఉండాలి. పిల్లి ఉంటే దానికి కుక్క అందుకోలేని ఎత్తులో చోటు కావాలి. పెరట్లో కోళ్లుంటే కంచె తప్పదు. బెదురు కుక్కకు కూడా కోడి పరిగెత్తగానే వేటగుణం గుర్తొస్తుంది మరి!

ఎక్కువ ప్రమాదాలు కాటుతో రావు, తెరిచిన గేటుతో వస్తాయి. జడిసిన కుక్క ఒక్క ఉరుకులో వీధిలో పడితే పిలిచినా రాదు, కాబట్టి మెడపట్టీకి ఒకటి, ఛాతీపట్టీకి ఒకటి, రెండు తాళ్లు వేయాలి. ఎండాకాలం 43, 44 డిగ్రీలు కాసే ఊళ్లలో మధ్యాహ్నం వాకిట్లోని కడప బండ పెనంలా కాలుతుంది, దాని మీద నడిపించకూడదు. వసారాలో నీడన పరిచిన బండ మాత్రం చల్లగా ఉండి దానికి సుఖంగా ఉంటుంది. ఉత్త రాగి సంగటి, పెరుగన్నం కుక్కకు పెట్టొచ్చు. ఉల్లి పడిన కూర కలిపితే మాత్రం విషమే. కర్నూలు ఉల్లి మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు కనక ఈ మాట రెండుసార్లు చెప్పినా తప్పు లేదు. ఇంట్లోవాళ్లందరూ రేబిస్ ముందస్తు టీకా వేయించుకోవాలి. కాటు పడితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి పోవాలి. దీపావళి రాత్రి ఈ కుక్కను ఒంటరిగా వదలరాదు.

ఇక మన ప్రవాస సంఘం సభ్యుల వంతు. అమెరికాలో కూర్చుని ఫోన్లో అమ్మానాన్నలకు ఒక కుక్కను అంటగట్టడం సేవ కాదు. ఉలిక్కిపడ్డ కుక్క లాగితే డెబ్బై ఏళ్ల మనిషి తుంటి ఎముక విరుగుతుంది. ఆ కుక్కను విమానం ఎక్కించి తెచ్చుకుందామన్నా తేలిక కాదు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమలులో ఉన్న అమెరికా సీడీసీ నిబంధనల ప్రకారం కుక్కకు 6 నెలల వయసు, మైక్రోచిప్ ఉండాలి. భారత్‌లోనే టీకా వేయించి ఉంటే రక్తపరీక్ష ఫలితం చూపాలి, ఆ ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్.

సొంతూరికి ఏదైనా చేయాలంటే మనవాళ్ల మనసు ముందు కట్టడం మీదకు పోతుంది. కుక్కల షెడ్డు కడితే దాతల పేర్లతో శిలాఫలకం వేయొచ్చు. రెండేళ్ల తర్వాత ఆ షెడ్డులో నీళ్ల తొట్టి ఎవరు కడుగుతున్నారో అడిగే సభ్యుడు ఉండడు. 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూక్రాస్, 1996లో విశాఖలో పుట్టిన వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థలు ఇన్నేళ్లు నిలిచాయంటే రోజువారీ పని ఆగకపోవడం వల్లే. కర్నూలు, కడపల్లో అదే డబ్బు టీకాలకు, ఛాతీపట్టీలకు, పశువైద్యుడి ఫీజుకు, కుక్కను కొంతకాలం ఉంచుకునే ఇంటి ఖర్చుకు వెళ్తే ఎక్కువ ప్రాణాలు తెప్పరిల్లుతాయి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడి విద్యార్థులకు ఈ కుక్కల సంరక్షణ మంచి చదువు కూడా. దత్తత కోరేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూడాలని 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులోనే ఉంది.

మన సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. కుక్కల షెడ్డుకు విరాళం కోరుతూ ఎవరైనా వస్తే, ముందు అందులోని బెదురు కుక్కల్లో ఎన్నింటికి ఇళ్లు చూపుతారో అడగండి. డిసెంబరు సెలవులకు ఊరెళ్లే సభ్యులు ఒక పూట మున్సిపాలిటీ షెల్టరుకు వెళ్లి, అక్కడి కుక్కలకు టీకా కార్డులు ఉన్నాయో లేదో చూసి రండి. ఇంట్లో నెమ్మదైన పెంపుడు కుక్క ఉన్న సభ్యులు ఈలోగా అమెరికాలోని తమ కౌంటీ షెల్టరులో ఫాస్టర్ (కుక్కను కొంతకాలం ఇంట్లో ఉంచుకునే) దరఖాస్తు నింపి, గూటి వెనక మూలన ఉన్నదాన్ని అడిగి తెచ్చుకోండి.